సవరణ: సహాయ సంస్థలను ఎవరు ప్రశ్నించవచ్చు?

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పటి సహాయ కార్యక్రమాలపై నేను ఇంతకుముందు రాసిన వ్యాసంలో రెండు పొరపాట్లు దొర్లాయి.

మానవతా సహాయానికి సంబంధించిన మూల ప్రమాణాన్ని ఐక్యరాజ్యసమితి చేసిన చట్టమని, ఉల్లంఘిస్తే శిక్ష పడుతుందని రాశాను. అది తప్పు. సహాయ రంగంలోని సంస్థల కూటములే 2014లో రూపొందించుకుని, 2024లో సవరించుకున్న తొమ్మిది హామీల పత్రం అది. దానికి కట్టుబడడం స్వచ్ఛందమే. బాధితులు భయం లేకుండా ఫిర్యాదు చేయగలగాలి, ఆ ఫిర్యాదు పరిష్కారం కావాలి అన్నది అందులో ఐదో హామీ.

రెండో పొరపాటు ఇంతకంటే పెద్దది. స్వచ్ఛంద సంస్థలను సమాచార హక్కు చట్టం కింద ఏమీ అడగలేమని తేల్చేశాను. నిజానికి 2005 నాటి ఆ చట్టంలోని సెక్షన్ 2(హెచ్) ప్రకారం, ప్రభుత్వ నిధులు గణనీయంగా అందుకునే ప్రభుత్వేతర సంస్థలు కూడా దాని పరిధిలోకి వస్తాయి. 2019లో డీఏవీ కళాశాల ట్రస్టు కేసులో సుప్రీంకోర్టు ఇదే స్పష్టం చేస్తూ, గణనీయం అంటే సగానికి మించి ఉండనవసరం లేదని కూడా చెప్పింది. కేవలం దాతల విరాళాలతో నడిచే సంస్థలకు మాత్రం ఇది నేరుగా వర్తించదు. చట్టం చదవకుండా విన్నమాట రాయడం నా తప్పే.

మా వీధిలో సరుకులు పంచిన సంస్థ లబ్ధిదారుల ఎంపిక ఎలా జరిగిందో అడిగినా చెప్పలేదన్న మాటను మాత్రం నేను సవరించడం లేదు.