సవరణ: ఫ్రాన్సెస్ పవర్ కాబ్ సాధించింది విడాకుల హక్కు కాదు

డబ్లిన్‌లో పుట్టిన తత్త్వవేత్త ఫ్రాన్సెస్ పవర్ కాబ్ (1822–1904) గురించిన గత వ్యాసంలో, ఆమె పోరాటంతో 1878లో ఇంగ్లండ్‌లో దెబ్బలు తినే భార్యలకు విడాకుల హక్కు వచ్చిందని ఉంది. నిజానికి వచ్చింది వేరుగా బతికే హక్కు మాత్రమే. భర్తకు తీవ్రమైన దాడి కేసులో శిక్ష పడి, ఇకముందూ భార్య ప్రాణానికి భద్రత లేదని మేజిస్ట్రేటు నమ్మితే వేరుగా ఉండే ఉత్తర్వు, భరణం, 10 ఏళ్లలోపు పిల్లల సంరక్షణ దక్కేవి. మళ్లీ పెళ్లికి వీలు లేదు. భార్య వ్యభిచారం చేసినట్టు రుజువైతే ఆ ఉత్తర్వూ దక్కదు. చట్టం చేసింది మగవాళ్లే కదా! అయినా లండన్ విడాకుల కోర్టు గడప తొక్కే స్తోమత లేని పేదింటి ఆడవాళ్లకు అది చిన్న ఊరటేమీ కాదు.

జంతు ప్రయోగాలపై 1876లో వచ్చిన చట్టాన్ని ఆమె విజయంగా పేర్కొనడమూ సరికాదు. అది లైసెన్సు ఇచ్చి ప్రయోగాలను సాగనిచ్చింది. ఆమెకు మిగిలింది నిరాశే. జంతు ప్రయోగాలకు వ్యతిరేకంగా 1875లో తాను స్థాపించిన సంఘమే 1898లో మెతకబడితే, దాన్ని వదిలేసి 75 ఏళ్ల వయసులో సంపూర్ణ నిషేధం కోరే మరో సంఘం పెట్టారు. నేడు క్రీము డబ్బాలపై, జంతువులపై పరీక్షించలేదని తెలిపే గెంతే కుందేలు గుర్తుకు అనుమతులిచ్చే క్రూయల్టీ ఫ్రీ ఇంటర్నేషనల్ ఆ రెండో సంఘమే.