67 సెకన్ల అలవాటు, అరగంట జవాబు

ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష ఎప్‌సెట్‌లో 160 ప్రశ్నలకు 180 నిమిషాలు. అంటే ప్రశ్నకు దాదాపు 67 సెకన్లు. నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి రాకపోతే ఏదో ఒక ఆప్షన్ నొక్కి ముందుకు పోవచ్చు. రెండేళ్లు ఆ వేగానికే చెయ్యి తిరిగిన పిల్లల ముందు, ఇంజినీరింగ్ మొదటి సెమిస్టర్‌లో ఇంకో రకం పేపర్ పెడతారు. జేఎన్‌టీయూ హైదరాబాద్ 2022లో తెచ్చిన ఆర్-22 నిబంధనలనే తీసుకుంటే 3 గంటలు, 60 మార్కులు. పార్ట్-ఏలో ఒక్కో మార్కువి 10, పార్ట్-బీలో 10 మార్కులవి 5. పార్ట్-ఏకు అరగంట పోను ఒక్కో పెద్ద జవాబుకు మిగిలేదీ అరగంటే. ఆ అరగంటా మెట్టు మెట్టుగా, ఏది ఎందుకు వచ్చిందో చూపిస్తూ రాయాలి.

దేవరకొండ నుంచో అచ్చంపేట నుంచో వచ్చిన పిల్లవాడు మొదటి ఏడాది సబ్జెక్టులు తప్పి సప్లీలు మోస్తే ‘ఇంగ్లిష్ మీడియం తట్టుకోలేకపోయాడు’ అని ఇంట్లో, కాలేజీలో ఒకే మాట. ఇంగ్లిష్ కష్టమే, కాదనలేం. కానీ ప్రశ్నపత్రంలో ‘డిరైవ్’, ‘స్టేట్’, ‘విత్ నీట్ స్కెచ్’ లాంటి మాటలు పాతికకు మించి ఉండవు. రెండు వారాల్లో పట్టుబడతాయి. పట్టుబడనిది నిదానంగా పూర్తి జవాబు రాసే అలవాటు.

మ్యాథ్స్‌లో ఇది బాగా కనిపిస్తుంది. మొదటి సెమిస్టర్ ‘మ్యాట్రిసెస్ అండ్ క్యాలిక్యులస్’ మొదలయ్యేదే మ్యాట్రిక్స్ ర్యాంకుతో, సమీకరణాల సాధనతో. ఇంటర్ వన్-ఏలో చేసినవే కదా అని నోట్సు పక్కన పడేస్తారు. సెమిస్టర్ మధ్యలో వచ్చే మొదటి మిడ్ పరీక్ష ఆ ధీమాతోనే గడిచిపోతుంది. నాలుగో యూనిట్లో పాక్షిక అవకలనాలు, ఐదో యూనిట్లో డబుల్ ఇంటెగ్రల్స్ వచ్చేసరికి ఇంటర్ సరుకు అయిపోతుంది. ఇంటెగ్రేషన్ చేసే వరుసను మార్చే ‘చేంజ్ ఆఫ్ ఆర్డర్’ లెక్కనే చూడండి. ఎక్స్ 0 నుంచి 1 వరకు, వై ఎక్స్ నుంచి 1 వరకు అని ఇస్తే, చాలామంది హద్దులను అలాగే ఎత్తి అటూ ఇటూ మార్చేస్తారు. వచ్చిన జవాబులో వేరియబుల్ మిగిలిపోతుంది. ముందు ఆ త్రిభుజం గీసుకుంటే, వై 0 నుంచి 1 వరకు, ఎక్స్ 0 నుంచి వై వరకు అని కంటికే తెలుస్తుంది. బొమ్మ గీయడానికి రెండు నిమిషాలు. 67 సెకన్ల అలవాటు ఆ రెండు నిమిషాలనే ఇవ్వనివ్వదు.

సీ ప్రోగ్రామింగ్ ల్యాబ్‌లోనూ అంతే. ఫారన్‌హీట్‌ను సెల్సియస్‌లోకి మార్చే ప్రోగ్రాంలో 5/9 అని రాసి, ఏ సంఖ్య ఇచ్చినా సున్నా వస్తోందని కంప్యూటర్‌ను తిడతారు. రెండూ పూర్ణసంఖ్యలైతే సీ భిన్నభాగాన్ని కోసేస్తుంది. 5.0/9 అని రాస్తే సరి. స్కాన్‌ఎఫ్‌లో ఆంపర్‌సాండ్ (&) మరవడం, ఫర్ లైను చివర సెమీకోలన్ పెట్టడం కూడా ఇలాంటివే. పక్కవాడి రికార్డు ఎక్కించుకునేవాడికి ఈ తప్పులు పరీక్ష రోజున మొదటిసారి ఎదురవుతాయి. ల్యాప్‌టాప్ లేకపోతే కాగితం మీదే లూపు ఒక్కో చుట్టుకు ఏ వేరియబుల్ విలువ ఎంతో గడులు గీసి రాసుకోవచ్చు. లాభం తక్కువేమీ కాదు.

బొమ్మలు గీసే ఇంజినీరింగ్ గ్రాఫిక్స్‌కు ఒక్క జాగ్రత్త చాలు. మన దగ్గర ఫస్ట్ యాంగిల్ పద్ధతి. ఫ్రంట్ వ్యూ ఎక్స్‌వై గీతకు పైన, టాప్ వ్యూ కింద. యూట్యూబ్‌లో అమెరికా వీడియో చూసి థర్డ్ యాంగిల్‌లో గీస్తే మొత్తం తలకిందులవుతుంది.

మార్కుల లెక్కలోనూ ఒక భ్రమ ఉంది. కాలేజీ వేసే ఇంటర్నల్ 40, సెమిస్టర్ చివరి పరీక్ష ఎక్స్‌టర్నల్ 60, పాస్‌కు మొత్తం 40. ‘ఇంటర్నల్‌లో 30 ఉన్నాయి, ఇంకో 10 వస్తే గట్టెక్కినట్టే’ అనుకునేవాళ్లు తక్కువ కాదు. ఎక్స్‌టర్నల్‌లో విడిగా 35 శాతం, అంటే 21 రావాల్సిందే. ఇంటర్నల్‌లో కనీసం 14 ఉండాలి. అక్కడ సరిగ్గా 14తో ఆగినవాడికి ఎక్స్‌టర్నల్‌లో 21 కాదు, 26 కావాలి.

ఇక హాజరు. సెమిస్టర్ సుమారు 90 పనిదినాలు, 75 శాతం తప్పనిసరి. రోజుల్లో చెప్పాలంటే 22 మానుకోవచ్చు. 65కూ 75కూ మధ్య ఉంటే వైద్య కారణాలు చూపి కండోనేషన్, అంటే హాజరు లోటుకు మినహాయింపు, అడగాలి. 65 కూడా లేకపోతే డిటెన్షనే, ఆ సెమిస్టర్ మళ్లీ చదవాల్సిందే. సద్దుల బతుకమ్మకు ఊరెళ్లి దసరా అయిన వారానికి తిరిగొచ్చేవాళ్లు, సెమిస్టర్ సగం కాకముందే ఆ 22లో కొన్నిటిని వాడేస్తారు. మిర్యాలగూడ నుంచి నల్లగొండకో, జడ్చర్ల నుంచి మహబూబ్‌నగర్‌కో రోజూ బస్సులో తిరిగేవాళ్లకు చివరి పీరియడ్ పోవడం మామూలే. అదీ ఆ లెక్కలోంచే పోతుంది. బస్సులో లెక్కలు చేయలేం గానీ, ఆ రోజు విన్న రెండు నిర్వచనాలు చూడకుండా చెప్పుకోవచ్చు.

కాలేజీల తప్పూ ఉంది. సాంకేతిక విద్యా మండలి ఏఐసీటీఈ కొత్త విద్యార్థులకు చెప్పిన మూడు వారాల ఇండక్షన్ (పరిచయ కార్యక్రమం) చాలాచోట్ల శాలువాలు, ఉపన్యాసాలతో వెళ్లిపోతుంది. అందులో ఒక్క వారం ఇంటర్ టూ-బీ ఇంటెగ్రేషన్ తిరగేసి, రోజుకొక 10 మార్కుల జవాబు అరగంటలో రాయించి, మరుసటి రోజు దిద్ది ఇవ్వొచ్చు. 60 మంది సెక్షన్‌కు రోజుకు 60 జవాబులు. ఇద్దరు లెక్చరర్లు పంచుకుంటే చెరో 30, ఒక మధ్యాహ్నం పని.