కార్డు రాకముందే జర్మన్లయిపోతాం

తమ మధ్య సరిహద్దుల్లో తనిఖీలు ఎత్తేసుకునే షెంగెన్ ఒప్పందం మీద 1985 జూన్ 14న అయిదు యూరప్ దేశాలు సంతకాలు పెట్టాయి. లక్సెంబర్గ్‌లోని షెంగెన్ ఊరి దగ్గర, మొసెల్ నదిలో ఆపిన ఓడ మీద జరిగిందా తంతు. ఒడ్డున భవనం దొరక్క కాదు. ఒడ్డు మీద పెట్టుకుంటే ముందు అడ్రస్ ప్రూఫ్ అడుగుతారని ఆ పెద్దలకు అప్పుడే తెలుసు.

ఆ ముందుచూపు మనవాళ్లకు లేదు. నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్‌లో పనిచేసే తెలుగు ఇంజనీరుకు జర్మనీలో ఉద్యోగం వచ్చిందనుకోండి. కారెక్కితే గంటలోపే సరిహద్దు. చేతిలో యూరోపియన్ బ్లూ కార్డు ఉంది, అంటే పెద్ద చదువుల విదేశీ ఉద్యోగులకిచ్చే నివాస అనుమతి. ఒక సభ్యదేశంలో ఆ కార్డు మీద 12 నెలలు ఉన్నవారు వీసా లేకుండా రెండో దేశానికి మారవచ్చని, వెళ్లిన నెలలోపు అక్కడ దరఖాస్తు పెట్టుకోవాలని 2021 నాటి యూరోపియన్ చట్టం చెబుతోంది. (డెన్మార్క్, ఐర్లండ్ ఈ గొడవలో లేవు. వాళ్ల గొడవలు వాళ్లకున్నాయి.) దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు గానీ, ఇక్కడి పూజారి, అంటే జర్మన్ ఆఫీసరు మీద ఆ నింద వేయకూడదు. ఆయన ఇవ్వననలేదు. ఆన్‌లైన్‌లో అపాయింట్‌మెంట్ స్లాట్ లేదన్నాడు, అంతే.

దీన్ని వేధింపు అనేవాళ్లున్నారు. ఈ వ్యాసకర్త ఒప్పుకోడు. ఇది విద్య. కొత్తగా వచ్చినవారిని తమలో కలుపుకోవడానికి జర్మన్ ప్రభుత్వం ఒక కోర్సు నడుపుతోంది: భాషకు 600 క్లాసులు, దేశం గురించి ఇంకో 100. డబ్బు దండగ. ఆ 700 క్లాసుల్లో నేర్పేదంతా, నివాస అనుమతులిచ్చే విదేశీయుల ఆఫీసు ఒక్క దరఖాస్తుతో నేర్పేస్తుంది.

మొదటి పాఠం, మనిషి ఉనికి. ఇంట్లో దిగిన రెండు వారాల్లో మునిసిపల్ ఆఫీసులో పేరు నమోదు చేయించుకోవాలి. ఊరికే చెబితే నమ్మరు. ఈయన నిజంగానే మా ఇంట్లో దిగాడని ఓనరు సంతకం చేసిన కాగితం కావాలి, 2015 నవంబరు నుంచి అది తప్పనిసరి. ఓనరేమో ఇల్లివ్వాలంటే మూడు నెలల పే స్లిప్పులు చూపించమంటాడు. జీతం సక్రమంగా పడాలంటే ట్యాక్స్ నంబరు కావాలి. ఆ నంబరు పోస్టులో వస్తుంది, అదీ నమోదైన అడ్రసుకే. పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు అన్న సామెతను మనం వేళాకోళానికి వాడుకుంటాం. వాళ్లు దాని మీద ఒక శాఖనే నిలబెట్టారు.

రెండో పాఠం పోస్టు డబ్బా. ఇది కాస్త లోతైనది. జర్మనీలో చాలా అపార్ట్‌మెంట్లకు ఫ్లాట్ నంబరు ఉండదు. డబ్బా మీద ఏ ఇంటిపేరుందో చూసి పోస్ట్‌మ్యాన్ ఉత్తరం వేస్తాడు. ఆ పేరు చీటీ చిటికెన వేలంత. మనవాడి పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒకచోట, వీర వెంకట సత్యనారాయణ ప్రసాద్ ఇంకోచోట. ఓనరు ఎంతో ఆలోచించి 'వీర' అని అంటించాడు. ఆఫీసు ఇంటిపేరుతో పంపింది. పోస్ట్‌మ్యాన్ నాలుగు డబ్బాలూ పరికించి, ఇలాంటి వ్యక్తి ఇక్కడ లేడని రాసి తిప్పి పంపేశాడు. అపాయింట్‌మెంట్ తేదీ ఆ కవర్లోనే ఉంది. ఒక్క ఉత్తరం మాత్రం ఏ పేరున్నా, లేకపోయినా గురి తప్పదు: టీవీ, రేడియోల చందా. ఇంటికి నెలకు 18.36 యూరోలు. టీవీ లేదు, రేడియో లేదు, ఇంకా కుర్చీ కూడా కొనలేదంటే కుదరదు. చందా ఇంటికి, టీవీకి కాదు. నివాస అనుమతి తేలకముందే నివాసి బాధ్యతలు తేలిపోయాయి.

మూడో పాఠం పెళ్లి, భార్యను వెంట తెచ్చుకునేవారికి. మన దేశం 2005లో హేగ్ అపోస్టిల్ ఒప్పందంలో చేరింది. పెళ్లి సర్టిఫికెట్ మీద మన విదేశాంగ శాఖ ఒక స్టిక్కరు అంటిస్తే ఒప్పందంలోని దేశాలు నమ్మాలి. నెదర్లాండ్స్ నమ్ముతుంది. జర్మనీ మాత్రం మన దేశం చేరికకు అభ్యంతరం చెప్పింది కాబట్టి ఆ స్టిక్కరు అక్కడ చెల్లదు. అంటే ఐండ్‌హోవెన్‌లో చట్టబద్ధమైన దంపతులు సరిహద్దు దాటగానే పరిచయస్తులవుతారు. అనుమానమొస్తే మన దేశంలోని జర్మన్ దౌత్య కార్యాలయం ద్వారా ఆరా తీయిస్తారు. వాళ్ల తరఫు వకీలు కాకినాడ వెళ్లి రిజిస్టరు తిరగేస్తాడు, అవసరమైతే ఇరుగుపొరుగును అడుగుతాడు. మన పెళ్లిళ్లకు అబ్బాయి గురించి ఇంత శ్రద్ధగా విచారించిన మేనమామ ఒక్కడైనా ఉన్నాడా? ఆలస్యమైనా పద్ధతి మంచిది. కాకపోతే పిల్లలు పుట్టాక కాకుండా, కాస్త ముందే చేస్తే బాగుండేది.

ప్రభుత్వ సేవలన్నీ 2022 ఆఖరుకల్లా ఆన్‌లైన్‌లో ఉండాలని జర్మనీ 2017లోనే చట్టం చేసింది. ఆ గడువు దాటిపోయింది. గడువు దాటితే ఏమవుతుందో దరఖాస్తుదారుకు మాత్రమే తెలుసు, ప్రభుత్వానికి తెలియదు.

ఎట్టకేలకు వేలిముద్రలు తీసుకున్నాక కార్డు బెర్లిన్‌లోని ప్రభుత్వ ముద్రణాలయంలో తయారవుతుంది. వారాలు పడుతుంది. ఈలోగా తాత్కాలిక అనుమతిగా చేతికొక మడత కాగితం వస్తుంది. అందులో మూడు గళ్లుంటాయి. వాటిలో ఒక దాంట్లో టిక్కు పడితే సంక్రాంతికి ఊరెళ్లి తిరిగి రావచ్చు. పక్క గడిలో పడితే ఆ కాగితాన్ని నమ్ముకుని వెళ్లకూడదు, వెళ్తే శంషాబాద్‌లో చెక్-ఇన్ కౌంటరు దగ్గర చిక్కుకోవచ్చు. ఆ టిక్కు పడేటప్పుడు మనవాడు అధికారి పెన్ను వంక చూసే చూపులో ఉన్నంత ఏకాగ్రత ఎంసెట్ హాల్లో కూడా ఉండదు.

ఇక ఫలితం చూడండి. హైదరాబాదులో కరెంటు బిల్లు కూడా దాచని మనిషి ఇప్పుడు రంగురంగుల ఫైళ్లు, రంధ్రాలు చేసే పంచింగ్ మెషీన్ కొన్నాడు. పదింటి అపాయింట్‌మెంట్‌కు తొమ్మిదీ నలభైకే వెళ్లి, లోపలికి వెళ్లకుండా బయట చలిలో నిలబడతాడు. ముందుగా వెళ్లడం కూడా ఆలస్యంగా వెళ్లినంత తప్పేనని అర్థమైంది. నోటి మాట మీద నమ్మకం పోయింది. వాళ్లావిడ "సాయంత్రం పాలు తెస్తారా?" అంటే మెసేజ్ పెట్టమంటున్నాడు.

మొన్న వాళ్ల ఊరి తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో పోలండ్ నుంచి కొత్తగా వచ్చిన కుర్రాడు "అన్నా, కార్డు ఎన్నాళ్లకొస్తుంది? టెన్షన్‌గా ఉంది" అని అడిగాడు. అడ్మిన్ మనవాడే. జవాబు వెంటనే వచ్చింది: "తమ్ముడూ, పిన్ చేసిన రూల్స్ చదివి, పూర్తి పేరు, కేటగిరీ రాసి మళ్లీ అడుగు. ప్రశ్నలు మంగళ, గురువారాల్లో ఉదయం 9 నుంచి 11 వరకే."