లుంగీతో సహా బిగించాను

నిన్నటి సంగతి. మోకాలికి అంటిన గ్రీజు ఇంకా వదల్లేదు, కోపమూ వదల్లేదు.

నరసన్నపేట దగ్గర మా పొలంలో వరి మిషన్‌తో కోయించాం. మిషన్ కోత తొందరగా అయిపోతుంది గానీ గడ్డి చేనంతా పడి ఉంటుంది. అది తీస్తేగానీ మినుములు చల్లడానికి లేదు. గేదెలకీ అదే ఆధారం. గడ్డి చుట్టే బేలర్ అద్దెకి తెచ్చాం. "మా మెకానిక్ వచ్చి తగిలిస్తాడు సార్" అన్నాడు అద్దెకిచ్చినాయన. పొద్దున్న ఏడు నుంచి పదకొండు దాకా ఆ మెకానిక్ దార్లోనే ఉన్నాడు. ఆ తర్వాత మనిషికి బదులు ఫోన్లోకి వీడియో వచ్చింది. అందులో ఒక సర్దార్జీ పంజాబీలో ఎంతో ఓపిగ్గా వివరించాడు.

ట్రాక్టర్ వెనక్కి నడపడం, పెద్ద పిన్ను వేయడం ఎలాగో అయ్యాయి. మిగిలింది పీటీవో షాఫ్ట్, అంటే ట్రాక్టర్ ఇంజన్ బలంతో తిరుగుతూ బేలర్‌ని నడిపే ఇనప కడ్డీ. ట్రాక్టర్ వెనక ఆరు పళ్ళతో ఇనప మొండి ఉంటుంది. షాఫ్ట్ చివర లోపల దానికి సరిపడా గాళ్ళుంటాయి. చేత్తో తిప్పుతూ, చిన్న పిన్ను నొక్కి పట్టి, లోపలికి తోయాలి. మూడు చేతుల పని. నాకున్నవి రెండు, అందులో ఒకదాంట్లో సర్దార్జీ.

"ఇంజన్ ఆన్ చేసి కొంచెం తిప్పితే అదే పడిపోతాది కదేటి బాబాయ్" అన్నాడు మా అన్నయ్య కొడుకు.

వెంటనే తాళం తీసి రొంటిన దోపుకున్నాను. "ఒరే, అది నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంది. అంటే సెకనుకి తొమ్మిది! గుడ్డ కొస తగిలితే చాలు, అమ్మా అనేలోగా మనిషిని చుట్టేస్తుంది. వదులు బట్టలతో దగ్గరికి రాకూడదు" అని ఉపన్యాసం ఇచ్చాను. అందరూ బుద్ధిగా విన్నారు. వాళ్ళ చూపులు నా ముఖం మీద కాక నడుం కింద ఉన్నాయని అప్పుడు గమనించలేదు. నేనున్నది గళ్ళ లుంగీలో.

గొంతుక్కూర్చుని తోశాను. ఈసారి ఎంత సాఫీగా వెళ్ళిందో! పిన్ను టక్కుమంది. గంటన్నరగా ఆ టక్కు కోసమే నా తపస్సు. సంబరంగా లేచాను. లుంగీ లేవలేదు.

కొస సరిగ్గా పిన్ను కింద ఇరుక్కుంది. పూర్తిగా లేస్తే పరువు పోతుంది, కూర్చుంటే మోకాళ్ళు పోతాయి. మధ్యే మార్గంగా వంగి నిలబడ్డాను. దసరాకి నిమ్మకాయలు తొక్కించినప్పుడు కూడా ఆ ట్రాక్టర్ ముందు అంత భక్తిగా వంగలేదు. ఈలోగా గట్టు నిండిపోయింది. ఒకాయన కొబ్బరినూనె పొయ్యమన్నాడు. ఇంకొకాయన కొడవలి తెస్తానన్నాడు, ఆయన హుషారు నాకు నచ్చలేదు. వదిన వరసావిడ నెత్తి మీది మోపు దించుకుని మరీ చూస్తోంది. చంటిపిల్లాడికి చెయ్యెత్తి చూపించారు కూడా.

"నా బండి తాళం దీనికీ పడతాది. ఒక్క తిప్పు తిప్పితే ఊడొచ్చేస్తాది బాబాయ్" అంటూ మావాడు సీటెక్కాడు.

సెకనుకి తొమ్మిది. అమ్మా అనే టైం కూడా ఉండదని చెప్పింది నేనే కాబట్టి, ముందుగానే అనేశాను. పక్క కళ్ళంలో మేస్తున్న ఎడ్లు తలెత్తాయట. వాడు దిగాడు.

సరిగ్గా అప్పుడు వచ్చాడు మెకానిక్. బండి దిగగానే ఫోన్ తీసి ఫొటో కొట్టాడు. ఫిట్టింగ్ అయినట్టు ఆఫీసుకి పంపాలట. తర్వాత స్క్రూడ్రైవర్‌తో పిన్ను అలా ఎత్తాడు, అర నిమిషం పట్టలేదు. నడుముకి తువ్వాలు బిగించుకుంటుంటే చీటీ చేతిలో పెట్టాడు. ఫిట్టింగ్ చార్జీ ఐదొందలు.

"బిగించింది నేను కదయ్యా!"

"విప్పింది నేను కద సార్."