జీవగ్రంథమా, జీవవృక్షమా? మావయ్యా, ముందు అది తేల్చండి

మొన్న ఆదివారం ఆరాధన అయ్యి ఇంటికొచ్చి కంచం ముందు కూర్చున్నానో లేదో ఫోన్ టింగుమంది, చూస్తే మా ఊరి విశ్వాసుల గ్రూపులో మావయ్య ఒకాయన పెద్ద ఫార్వార్డు పెట్టారు. పాలకొల్లు నుంచి అమలాపురం దాకా మీలో చాలామందికి ఈపాటికి వచ్చేసే ఉంటది. అందులో ఉన్నది ఇదీ: ఇంగ్లీషులో 1611లో అచ్చయిన కింగ్ జేమ్స్ బైబిల్ ఒక్కటే దేవుడు కాపాడిన వాక్యం, తెలుగులో దాన్నుంచి దిగిన మన పాత బైబిల్ ఒక్కటే నమ్మాలి, వాడుక భాషలో వచ్చినవన్నీ వచనాలు కోసేసిన సాతాను పుస్తకాలు, పదిమందికి పంపకపోతే ఆ పాపంలో నీకూ పాలుంది.

నేను ఎవరికీ పంపలేదు, కూర్చుని ఇది రాస్తున్నా.

ముందే చెప్తున్నా, పాత బైబిల్ మీద నాకేం కోపం లేదండి. మా నాన్నమ్మ బైబిల్ 96 నవంబరు తుఫానులో తడిసి ముద్దయిపోతే ఆవిడ ఒక్కో పేజీ విడదీసి విసనకర్రతో విసురుకుంటూ ఆరబెట్టుకుంది, కీర్తనల దగ్గర ఇప్పటికీ బురద మరక ఉంది. "యెహోవా నా కాపరి నాకు లేమి కలుగదు" అన్నది ఇంకెలా రాసినా నా చెవికి ఎక్కదు. కానీ నాకిష్టం కాబట్టి పక్కోడి చేతిలో ఉన్నది సాతానుది అయిపోదు కదా.

ఇక ఫార్వార్డులో అసలు బలమంతా పెట్టింది "వచనాలు తీసేశారు" అన్న దగ్గరే. మొదటి యోహాను 5వ అధ్యాయం చూడమన్నారు. కింగ్ జేమ్స్‌లో పరలోకంలో సాక్ష్యమిచ్చేవాళ్ళు ముగ్గురు, తండ్రి, వాక్యం, పరిశుద్ధాత్మ అని ఉంటది, కొత్తవాటిలో అది లేదు, కాబట్టి త్రిత్వాన్ని, అంటే తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ముగ్గురూ ఒకే దేవుడన్న నమ్మకాన్ని చంపేశారు అని వాదన. సరే అని నేను కొత్తది పక్కనపెట్టి నాన్నమ్మ బైబిలే తీశా. 7, 8 వచనాలు చూశా. "సాక్ష్యమిచ్చువారు ముగ్గురు, అనగా ఆత్మయు, నీళ్లును, రక్తమును" అనే ఉంది. తండ్రి, వాక్యం, పరిశుద్ధాత్మ అన్న ఆ మాట మన పాత తెలుగు బైబిల్లోనే లేదండి బాబూ! మీరే తీసి చూసుకోండి. ఎందుకు లేదంటే పాత గ్రీకు రాతప్రతుల్లోనే అది లేదు, లాటిన్ వైపు నుంచి వచ్చిన వాక్యం అది. ఎరాస్మస్ అనే పండితుడు 1516లో గ్రీకు కొత్త నిబంధన అచ్చేసినప్పుడు వెయ్యలేదు, రెండో ముద్రణలోనూ వెయ్యలేదు, జనం గోల పెడితే 1522లో మూడోదాంట్లో వేశాడు, ఆ వరసలోనే అది కింగ్ జేమ్స్‌లోకి వెళ్ళింది. ఇంక త్రిత్వం అంటారా, మత్తయి 28:19 ఏ అనువాదంలోనైనా పదిలంగానే ఉంది.

ఉపవాసం మాట తీసేశారన్నారు, మార్కు 9:29లో. మన పాతదాంట్లోనూ "ప్రార్థన వలననే గాని" అనే ఉంది, ఉపవాసం లేదు అక్కడ. మరి మనోళ్ళు ఉపవాస ప్రార్థనలు మానేశారా? ఫ్లెక్సీలు చూడండి వీధికొకటి.

అన్నిటికంటే నాకు నవ్వొచ్చింది ఆఖర్న పెట్టిన బెదిరింపు. ప్రకటన 22:19, ఈ గ్రంథంలోంచి ఎవడైనా మాట తీసేస్తే వాడి పాలు దేవుడు తీసేస్తాడని. దేంట్లో పాలు? కింగ్ జేమ్స్‌లో జీవగ్రంథంలో అని ఉంది. మన పాత బైబిల్లో "జీవవృక్షములోను" అని ఉంది. అంటే మాటలు మార్చకూడదని చెప్పే వచనంలోనే ఈ రెండూ వేరువేరుగా ఉన్నాయి! దీనికి కథ ఉంది, ఎరాస్మస్‌కి దొరికిన ప్రకటన గ్రంథం రాతప్రతికి ఆఖరి ఆకు ఊడిపోయింది, చివరి ఆరు వచనాలు లేవు, ఆయన లాటిన్ చూసి తనే గ్రీకులోకి తిప్పి పెట్టేశాడు. లాటిన్లో గ్రంథం, గ్రీకు ప్రతుల్లో వృక్షం. ఇంగ్లీషులో కింగ్ జేమ్స్‌నే సరిచూసి వేసిన 1881 రివైజ్డ్ వెర్షన్ వృక్షం అని దిద్దింది, మన తెలుగూ అదే అంటోంది. ఇప్పుడు రెండూ తప్పులేనివే అంటే ఎలా కుదురుద్ది?

"1611 నుంచి పొల్లు కూడా మారలేదు" అన్నది ఇంకోటి. ఇప్పుడు అమ్ముతున్న కింగ్ జేమ్స్ 1769లో ఆక్స్‌ఫర్డ్‌లో దిద్దిన పాఠం. 1611 అచ్చులో రెండు నిబంధనల మధ్య అపోక్రిఫా, అంటే మనోళ్ళు వాక్యంగా ఒప్పుకోని అదనపు పుస్తకాలు కూడా ఉన్నాయి, ఆ పుస్తకాల పేరెత్తితే మా మావయ్య కొట్టడానికొస్తారు. 1631లో ఒక ముద్రణలో అయితే పది ఆజ్ఞల్లో "వద్దు" అన్న మాట జారిపోయి వ్యభిచారం చెయ్యమని అచ్చయిపోయింది, అచ్చేసినోళ్ళకి 300 పౌండ్లు జరిమానా పడింది. అసలు ఆ అనువాదకులే ముందుమాటలో పాత అనువాదాలు కూడా దేవుని వాక్యమేనని రాసుకున్నారు, అర్థం తేలని చోట రెండో అర్థం అంచున వేశారు. వాళ్ళకి లేని పట్టుదల మనకెందుకో.

కొత్త ఇంగ్లీషు బైబిళ్ళు వేసే హార్పర్‌కాలిన్స్ కంపెనీ సాతాను పుస్తకం కూడా వేస్తుందంట, అదో వాదన. ఆ కంపెనీ చేతిలోనే కింగ్ జేమ్స్ వేసే థామస్ నెల్సన్ సంస్థ కూడా ఉంది, అయిపోయింది.

"మన తెలుగుది కింగ్ జేమ్స్ నుంచే దిగింది" అన్నారు కదా, మరి కింగ్ జేమ్స్‌లో యెహోవా అన్న పేరు విడిగా నాలుగంటే నాలుగు చోట్ల ఉంటది, మనదాంట్లో పేజీకి ఎన్నిసార్లో లెక్కపెట్టండి. పోనీ మన చరిత్ర చూసినా ఒక్క అనువాదంతో ఆగలేదు. షుల్జ్ అనే జర్మన్ మిషనరీ చేసింది అచ్చుకే నోచుకోలేదు, విశాఖలో లండన్ మిషన్ వాళ్ళు ఆనందరాయర్ అనే బ్రాహ్మణ విశ్వాసి సాయంతో సువార్తలు తిప్పారు, 1818లో బెంగాల్‌లోని శ్రీరాంపురం మిషన్ ప్రెస్సు కొత్త నిబంధన వచ్చింది, తర్వాత కూడా దిద్దుతూనే ఉన్నారు. మిషనరీలు బౌడెన్ దొర, బీర్ దొర 1836లో మన దేశం వచ్చి, నరసాపురంలో పని మొదలెట్టేనాటికి తెలుగులో సంపూర్ణ బైబిల్ అచ్చే కాలేదు. మన డెల్టాలో మొదటి విశ్వాసులు మరి దేంతో రక్షణ పొందారు? మన పాత బైబిల్ కూడా వచ్చినప్పుడు కొత్త బైబిలే.

ఇక "వాడుక భాషలో పెడితే దేవుడి గొప్పతనం పోద్ది" అన్నదానికి మా సండే స్కూలే జవాబు. "సాత్వికులు ధన్యులు, వారు భూలోకమును స్వతంత్రించుకొందురు" చదివించి అర్థం అడిగా. ఆరో తరగతి పిల్లాడు టక్కున లేచి, "కూరగాయలు తినేవాళ్ళకి స్వాతంత్ర్యం వస్తుంది అక్కా" అన్నాడు. నవ్వాపుకోలేకపోయా గానీ వాడి తప్పేముంది, వాడు విన్న సాత్వికం సాత్విక ఆహారమే. స్వతంత్రించుకోవడం అంటే వారసులుగా పొందడం అని వాడుక భాషది తీసి చూపిస్తే అప్పుడు ఎక్కింది. అయినా కొత్త నిబంధన రాసిందే మామూలు గ్రీకులో కదా, ఐగుప్తు (ఈజిప్టు) ఇసుకలో దొరికిన రసీదులు, ఇంటికి రాసిన ఉత్తరాల్లో ఉండే భాషే అది.

కొత్తవన్నీ బాగుంటాయని కాదు, కొన్ని మరీ సొంత కవిత్వంలా ఉంటాయి, వాటితో నేనూ వాక్యం చెప్పను. అలాంటిదైతే ఏ వచనం ఎక్కడ తప్పిందో చూపించండి, ఒప్పుకుంటా.

ఇదంతా గ్రూపులో పెట్టేముందు మర్యాదగా మావయ్యగారింటికే వెళ్ళా. ప్రకటన ఆఖరి పేజీ తీసి చేతిలో పెట్టా. కళ్ళజోడు తుడుచుకుని జీవవృక్షం దగ్గర వేలు పెట్టి రెండుసార్లు చదివారు, కాసేపు ఏం మాట్లాడలేదు. ఆఖరికి "ఆయ్, ఇది అచ్చుతప్పు అయ్యుంటదమ్మా, అటక మీద మా నాన్నగారి పాత బైబిల్ ఉంది, దించి చూస్తా" అన్నారు.

నాలుగు రోజులైంది, ఇంకా దించినట్టు లేరు.