ఎదురింటివాళ్లు తలుపు తీస్తేనే హక్కు

సిక్కోలు (శ్రీకాకుళం) పల్లెల్లో ఎవరినైనా పోలీసులు తీసుకెళ్తే వీధిలో ముందు వినిపించే మాట ‘మనకెందుకొచ్చిన గొడవ’. దీన్ని లోకజ్ఞానం అనుకుంటున్నాం. కాదు, ఇది బాధ్యత ఎగ్గొట్టడం. హక్కులు కాపాడటం హక్కుల సంఘాలవాళ్ల పని, ప్లీడర్ల పని అనుకునేవాళ్లు చట్టం ఏం చెప్తోందో ఒక్కసారి చూడాలి.

పోలీసు కస్టడీ చావుల మీద నడిచిన డి.కె. బసు కేసులో 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు అరెస్టులకు నియమాలు పెట్టింది. అరెస్టు చేసేటప్పుడే మెమో, అంటే అరెస్టు వివరాల కాగితం, రాయాలి. తేదీ, టైం వెయ్యాలి. కనీసం ఒక సాక్షి సంతకం ఉండాలి. ఆ సాక్షి ఇంట్లోవాళ్లు కావచ్చు, ఆ చుట్టుపక్కల పరువుగల మనిషి కావచ్చు. సీఆర్పీసీ స్థానంలో 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 36వ సెక్షన్‌లోనూ ఇదే ఉంది. అర్ధరాత్రి ఒక కూలీని జీపెక్కిస్తున్నారనుకోండి. భార్యకి చదువు రాదు, నోట మాట రావడం లేదు. అప్పుడు ఎదురింటి మాస్టారు బయటికొచ్చి ‘మెమో ఏదండీ, టైం వేశారా’ అని అడిగి, చదివి, సంతకం పెడతారన్న నమ్మకం మీదే ఆ రక్షణంతా ఆధారపడి ఉంది. ఆయన లైటార్పేసుకుంటే? 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలని రాజ్యాంగం 22వ అధికరణం చెప్తోంది. ఆ 24 గంటలు ఎప్పుడు మొదలయ్యాయో చెప్పగలిగిన బయటి మనిషి ఇక ఎవరూ ఉండరు. కూలీ ఎన్నాళ్లు స్టేషన్‌లో ఉన్నా కాగితం మీద మాత్రం అంతా సక్రమమే.

మన జిల్లాలోని సోంపేట గుర్తుంది కదా. థర్మల్ ప్లాంటు కోసం బీల భూముల్ని, అంటే అక్కడి చిత్తడి నేలల్ని, పనికిరాని నేలగా చూపించారు. ఆ నీళ్లలోనే చేపలు పట్టేవాళ్లున్నారు, ఆ నీళ్లతోనే వరి పండించేవాళ్లున్నారు, ఆ గడ్డి మీదే పశువులు బతికాయి. ప్లాంటు వద్దన్న జనం మీద 2010 జులై 14న పోలీసు కాల్పులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. ప్లాంటు మాత్రం రాలేదు. ఆ పోరాటంలో ముందు నిలబడినవాళ్లలో ఒక డాక్టరూ ఉన్నారు. వైద్యం చేసుకుంటూ హాయిగా బతకగలిగిన మనిషి. నష్టం తనది కాకపోయినా రావడమే నేను చెప్తున్న బాధ్యత.

అన్నిటికీ అడ్డం పడితే పరిశ్రమలెలా వస్తాయి, ఉద్యోగాలెక్కడివి అని అడుగుతారు. ఉద్యోగాలు కావాల్సిందే. కానీ జనంతో కూర్చుని మాట్లాడాల్సిన చోట తుపాకీ పేల్చడం ఏ అభివృద్ధికీ అవసరం లేదు. సోంపేట తర్వాత ఏడాదైనా తిరక్కుండా, 2011 ఫిబ్రవరి 28న ఇదే జిల్లాలో, మరో థర్మల్ ప్లాంటు దగ్గర, కాకరాపల్లిలోనూ అదే జరిగింది.

నన్ను ఇంతకంటే కలవరపెడుతున్నది వలస. సంతకం పెట్టాల్సిన మనిషే ఊళ్లో లేకపోతే ఏం చేస్తాం? మన మత్స్యకారులు సొంత సముద్రాన్ని వదిలి గుజరాత్ బోట్లెక్కుతున్నారు. 2018 నవంబరులో అలా వెళ్లిన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలవాళ్లు పాకిస్తాన్‌కి పట్టుబడి, ఏడాది దాటాక 2020 జనవరిలో వాఘా దగ్గర బయటపడ్డారు. మిగతా ఊళ్లవాళ్లు హైదరాబాద్, చెన్నై బిల్డింగు పనుల్లో ఉన్నారు. ఊళ్లో ముసలివాళ్లు, పిల్లలు. గ్రామసభకి ఎవరొస్తారు? పోలీసు జీపు ముందు ఎవరు నిలబడతారు?

బీల తిండి పెట్టింది కాబట్టే సోంపేట జనం ఊళ్లో ఉన్నారు, ఉన్నారు కాబట్టే ఎదురు నిలిచారు. అందుకే తీరంలో జెట్టీ అడగడం, పొలానికి సాగునీరు అడగడం నా లెక్కలో హక్కుల డిమాండే. హక్కుల సంఘాలు వీటిని తమ జాబితాలో మొదట రాసుకోవాలి. జెట్టీ, సాగునీరు వచ్చేదాకా మెమో చదవగలిగిన రిటైర్డు మాస్టార్లు, ప్లీడర్లు, డాక్టర్లు తమ ఫోన్ నంబరు పక్క వీధి కూలీల ఇళ్లలో ఇచ్చి ఉంచాలి, రాత్రి మోగినా ఎత్తాలి.