ప్రారంభోత్సవమే పరమ సౌకర్యం

హైదరాబాద్‌లో సామాజిక సౌకర్యాలు లేవని, ఉన్నవి చాలవని, చాలినవి పనిచేయవని తరచూ ఫిర్యాదు చేసేవారు ఒక ముఖ్యమైన విషయాన్ని గమనించడం లేదు. ఈ నగరంలో ఏ వీధిలోనైనా శుభముహూర్తాన ఒక కొత్త దుకాణం తెరుచుకుంటే, ఆ పూట అక్కడ నీడకు షామియానా ఉంటుంది, కూర్చోవడానికి తెల్లగుడ్డ తొడిగిన కుర్చీలు ఉంటాయి, చల్లటి తాగునీరు ఉంటుంది, పిల్లలకు బెలూన్లు, కుర్రవాళ్లకు డీజే, అందరికీ తినడానికి ఏదో ఒకటి ఉంటుంది. ఒక బస్తీకి ఏమేమి కావాలని పురపాలక శాస్త్రం చెబుతుందో అవన్నీ, అంచనాల తయారీ, టెండర్ల పిలుపు, బిల్లుల పెండింగు అనే దశలేవీ లేకుండా, తెల్లవారుజామున మొదలై తొమ్మిది గంటలకల్లా సిద్ధమవుతాయి. వీటిలో ఉన్న లోపమల్లా ఒక్కటే, మర్నాటికి ఉండవు. శాశ్వతంగా ఉండవలసినవి అసలే లేని చోట, ఒక్క పూట ఉన్నదాన్ని ఆ కారణంగా తప్పుపట్టడం న్యాయం కాదు.

ఇటీవల నిజాంపేట రోడ్డు వైపు మా కాలనీ మలుపులో ఒక మొబైల్ దుకాణం తెరుచుకున్న తీరును ఇందుకు దృష్టాంతంగా తీసుకోవచ్చు. స్తంభాలకు అరటి పిలకలు, గుమ్మానికి మామిడాకులు, ఆపైన బంగారు రంగు బెలూన్ల ఆర్చి కట్టారు. గుమ్మడికాయ మీద కర్పూరం వెలిగించి, షట్టరుకు దిష్టి తీసి, నడిరోడ్డు మీద పగలగొట్టారు. ఆ ముక్కల మీద జారిపడకుండా వాహనదారులు ఎవరి పుణ్యం కొద్దీ వారు బయటపడ్డారు. అయితే అసలు విశేషం అంతకుముందు రాత్రే జరిగింది. ఆ దుకాణం ముందు మురుగుకాలువ మీది సిమెంటు పలక ఎప్పుడో విరిగిపోగా, ఎవరూ పడకుండా గుర్తుగా ఒకరు చెట్టుకొమ్మ నాటారు, అది ఎండిపోతే మరొకరు పచ్చికొమ్మ నాటారు, ఈ విధంగా అక్కడ చాలాకాలంగా హరితహారం నిరాటంకంగా సాగుతోంది. రిబ్బను కత్తిరించడానికి వస్తున్న బుల్లితెర యాంకరు సరిగ్గా అక్కడే కారు దిగుతుందని తెలియగానే దుకాణ యజమాని మేస్త్రీని పిలిపించి, రాత్రికి రాత్రి కొత్త పలక వేయించి, దాని మీద ఎర్ర తివాచీ పరిపించాడు. మా సంక్షేమ సంఘం వినతిపత్రాలన్నీ కలిసి చేయలేని పనిని ఒక పాదం చేసింది. అహల్యకు పాదం సోకిన తరువాత గదా శాపవిమోచనం కలిగింది. ఇక్కడ సోకకముందే కలగడం త్రేతాయుగం మీద మన కాలం సాధించిన ప్రగతి.

ఆ ఉదయం ముందువరుస కుర్చీలో ఒక ముసలామె కూర్చుని ఉంది. ఆమె ఒళ్లో మందుల సంచి, చేతిలో నిర్వాహకులు ఇచ్చిన మజ్జిగ గ్లాసు ఉన్నాయి. మైకు పట్టుకున్న కుర్రవాడు ఉత్సాహంగా ఆమె దగ్గరికి వచ్చి, "ఏం ఫోన్ తీసుకుంటున్నవ్ పెద్దమ్మా?" అని అడిగాడు.

"ఫోనెందుకు బిడ్డా? కుర్సీ ఉందని కూసున్న. బస్సు వచ్చేదాక నిలబడలేక సస్తున్నం, ఆడ బల్ల గూడ లేకపాయె," అని ఆమె మైకులోనే చెప్పింది. ఆ మాట డీజే పెట్టెల్లోంచి మూడు వీధులకు వినిపించింది. బహిరంగ ప్రజాభిప్రాయ సేకరణ అంటే ఇంతకన్నా పద్ధతిగా ఎలా ఉంటుందో నాకు తెలియదు. కుర్రవాడు మాత్రం మరుక్షణమే లక్కీ డ్రా కూపన్ల వైపు మళ్లాడు.

ఈ సిద్ధాంతానికి చారిత్రక ఆధారాలు కావలసినన్ని ఉన్నాయి. 2018 ఆగస్టు 9న హైటెక్ సిటీ దగ్గర స్వీడన్ ఫర్నిచర్ సంస్థ ఐకియా దేశంలో తన మొదటి దుకాణం తెరిచినప్పుడు, తొలిరోజే నలభై వేల మంది దాకా తరలిరావడంతో ఆ ప్రాంతపు రోడ్లన్నీ స్తంభించిపోయాయి. నలభై వేల ఇళ్లలో ఒకేరోజు మంచాలు విరిగి ఉంటాయని ఎవరూ అనుకోరు. నాలుగు లక్షల చదరపు అడుగుల చల్లటి ఆవరణలో నడవవచ్చు, సోఫాల మీద కూర్చోవచ్చు, మంచం మీద వాలి చూసినా ఎవరూ లేపరు, మరుగుదొడ్డి శుభ్రంగా ఉంటుంది, ఆకలేస్తే వెయ్యిమంది పట్టే భోజనశాల ఉంది. దాన్ని దుకాణం అనడం స్వీడన్ వారి వినయం. నగరం దాన్ని చూసిన మొదటిరోజే కమ్యూనిటీ సెంటరుగా గుర్తించింది. 2023 సెప్టెంబరులో కూకట్‌పల్లిలో లులు మాల్ తెరిచినప్పుడు కూడా రోడ్డు మీద అదే దృశ్యం కనిపించింది. పార్కు అనుకుని మాల్‌కు వచ్చిన జనాన్ని చూసి, వీరికి కొనుగోలు పిచ్చి పట్టిందని పత్రికలు నిట్టూర్చాయి. ఆదివారం సాయంత్రం పిల్లవాణ్ని, ముసలి తండ్రిని వెంటబెట్టుకుని టికెట్టు లేకుండా, దుమ్ము లేకుండా రెండు గంటలు గడపగల మరో చోటు చెప్పమంటే ఆ నిట్టూర్చినవారు కూడా కాసేపు ఆలోచించవలసి వస్తుంది.

2019 ఫిబ్రవరిలో సిద్దిపేటలో పది రూపాయలకే చీర అన్న ప్రకటనకు వందల మంది మహిళలు తోసుకురాగా తొక్కిసలాట జరిగి కొందరు గాయపడ్డారు. ఆ సంఘటన మీద నవ్వడం నాకు చేతకాదు, కనుక ముందుకు సాగుతాను.

ఇప్పుడు ప్రభుత్వ సౌకర్యాల సంగతి చూద్దాం. 2014లో నగరంలో ఐదు రూపాయల భోజనం మొదలైంది. పేరు మారినా ధర మాత్రం మారకుండా ఇంతకాలం నడుస్తున్న మరో ఆఫర్ హైదరాబాద్ వ్యాపార చరిత్రలో ఉన్నట్టు నాకు తెలియదు. 2018లో మొదలైన బస్తీ దవాఖానాల్లో డాక్టరు చూస్తారు, మందులు ఇస్తారు, పైసా తీసుకోరు. అయినా మా అపార్టుమెంటులో ఈ రెండింటి గురించి మాట్లాడితే, ఎవరో పరాయి ఊరి సంగతి చెబుతున్నట్టు వింటారు. కొత్త హోటలు రూపాయికే బిర్యానీ అని ప్రకటిస్తే మాత్రం, నెలకు ఆరంకెల జీతం తీసుకునేవారు కారులో వెళ్లి, కారును నో పార్కింగ్ బోర్డు కిందే నిలిపి, ఎండలో గంటన్నర వరుసలో నిలబడి, ఆ పొట్లంతో సెల్ఫీ దిగి స్టేటస్ పెడతారు. అదే మనిషిని ఐదు రూపాయల భోజనం వరుసలో నిలబడమంటే, ఎవరైనా తెలిసినవారు చూస్తారేమోనని భయపడతాడు. దుకాణం ఇచ్చే చౌక అదృష్టమట, సర్కారు ఇచ్చే చౌక పేదరికమట. ఈ సూక్ష్మభేదాన్ని గ్రహించక, మన ప్రభుత్వాలు ఆ భోజనానికి 'పథకం' అని పేరు పెట్టి చెడగొట్టాయి. 'లిమిటెడ్ ఆఫర్' అని పెట్టి ఉంటే ఆ వరుసలో ఈపాటికి బౌన్సర్లను నియమించవలసి వచ్చేది.

గ్రంథాలయాల విషయంలో ఈ ప్రచార లోపం మరీ ఘోరం. నగరంలో అసఫియా గ్రంథాలయం 1891లో, శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం 1901 సెప్టెంబరు 1న ఏర్పడ్డాయి. ప్రారంభం నాడు మొదటి వందమందికి ఏ బహుమతి ఇచ్చారో, లక్కీ డ్రాలో సైకిలు ఎవరికి తగిలిందో చరిత్రకారులెవరూ రాయలేదు. ఇంత పేలవంగా ప్రారంభమైన సంస్థలు శతాబ్దం దాటి ఎలా బతికాయో పరిశోధించవలసిన విషయం. ఇక మనలో ఇల్లున్న ప్రతివారూ ఆస్తిపన్నులో రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కడుతూనే ఉన్నారు. ఏప్రిల్‌లో కడితే ఐదు శాతం తగ్గుతుందని ఎర్లీబర్డ్ పథకానికి పరుగెత్తే మా కాలనీవాసులకు, తగ్గిన ఆ మొత్తం ఎంతో పైసలతో సహా తెలుసుగానీ, తాము చందా కడుతున్న గ్రంథాలయం ఏ వీధిలో ఉందో తెలియదు. దీనికి నా సూచన ఇది. ఆషాఢంలో బట్టల దుకాణాలతో పాటు శాఖా గ్రంథాలయాలు కూడా 'ఒక పుస్తకం చదివితే మరొకటి ఉచితం' అని ఫ్లెక్సీ కట్టాలి. లోపల కూర్చుని చదువుకోవడానికి ఇప్పటికే ఏమీ తీసుకోరు కనుక ఖజానా మీద భారం పడదు. గ్రంథాలయాలకు ఎవరూ రారన్న మాట కూడా నిజం కాదు. చిక్కడపల్లిలో నగర కేంద్ర గ్రంథాలయానికి వెళ్లి చూడండి, గ్రూప్స్‌కూ పోలీసు ఉద్యోగాలకూ సిద్ధమయ్యే పిల్లలు టిఫిన్ డబ్బాలతో సహా వచ్చి బల్లల దగ్గర పాతుకుపోయి ఉంటారు. వారికి ఆఫర్ అక్కర్లేదు, నోటిఫికేషన్ వస్తే చాలు.

ఇక మా కాలనీ కమ్యూనిటీ హాలు గురించి చెప్పకపోతే ఈ వ్యాసం అసంపూర్ణం అవుతుంది. దానికి గోడలు, పైకప్పు, రంగులు, ఫ్యాన్లు, మరుగుదొడ్లు, చక్రాల కుర్చీకి ర్యాంపు అన్నీ ఉన్నాయి. పత్రికలవారి పలుకుబడిలో చెప్పాలంటే, అది ఇంకా 'ప్రారంభోత్సవానికి నోచుకోలేదు'. కట్టడం ముగిసిన కొత్తలో శూన్యమాసం వచ్చింది, తరువాత మూఢం వచ్చింది, మూఢం పోయేసరికి ఎన్నికల కోడ్ వచ్చింది, కోడ్ ఎత్తేసేసరికి ప్రజాప్రతినిధులు మారారు. శిలాఫలకం మీద ఎవరి పేరు పైన ఉండాలి, ఎవరిది కింద ఉండాలి, ఎవరి పేరు ముందు 'గౌరవనీయులు' అని చెక్కాలి అన్న ప్రొటోకాల్ రగడ తెగక, ఆ ఫలకానికి గులాబీ రంగు శాటిన్ తెర కట్టి ఉంచారు. ఆ రంగు మీద కూడా తరువాత అభ్యంతరం వచ్చి, తెర మార్చారు. దుకాణాలు ఇరవైనాలుగు గంటలూ తెరిచి ఉంచుకోవచ్చని 2023లో ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. మా హాలు ఇరవైనాలుగు గంటలూ మూసి ఉంచడానికి ఎవరి అనుమతీ అవసరం రాలేదు.

ఒకసారి వాన కురుస్తుంటే వరండాలో నిలబడి, కాపలాదారును తలుపు తీయమని అడిగాను. "తాళంచెవి నా తాన లేదు సార్. పెద్దసారు డేటిస్తే తీస్తరట," అన్నాడు. మరి లోపల కాపలా కాయడానికి ఏముందని అడిగితే, "కుర్సీలున్నయ్ సార్, నూటయాభై. కవర్లు గూడ తియ్యలే," అని గర్వంగా చెప్పాడు. బస్సు కోసం నిలబడే ఆ ముసలామెకు ఈ సమాచారం ఇంకా అందలేదు.

ఇప్పుడు ఈ రెండింటినీ సరిపోల్చి చూడాలి. దుకాణం పూర్తికాకముందే తెరుచుకుంటుంది. ఆ మొబైల్ దుకాణంలో రిబ్బను తెగే సమయానికి వెనుకగదిలో వడ్రంగి ఇంకా ప్లైవుడ్ కోస్తూనే ఉన్నాడు. హాలు పూర్తయ్యాక కూడా తెరుచుకోదు. అందువల్ల నగరంలో సౌకర్యాల కొరత తీరాలంటే ప్రారంభోత్సవాల సంఖ్య పెంచడమే మార్గం, ఈ విషయంలో వ్యాపారులు చేస్తున్న త్యాగాన్ని ఎవరూ గుర్తించడం లేదు. మా మలుపులోని ఒక్క షట్టరే నేను చూస్తుండగా జ్యూస్ సెంటరు, కర్రీ పాయింటు, అరబ్బు వంటకాల మండి హోటలు, ఇరానీ చాయ్ అయింది. ప్రతిసారీ షామియానా వేశారు, ప్రతిసారీ కుర్చీలు వచ్చాయి. దుకాణాలు మూతపడడాన్ని మాంద్యం అని పొరబడకూడదు, అది తదుపరి ప్రారంభోత్సవానికి స్థలసేకరణ. మండి పెట్టిన కుర్రవాడు ఊళ్లో పొలం తాకట్టు పెట్టి, ఇంటివారికి అడ్వాన్సు కట్టి, గోడలకు ఒంటెల బొమ్మలు వేయించి, వారం రోజుల పాటు సగం ధరకే పెట్టాడు. ఆ వారం కాలనీ మొత్తం అక్కడే తిన్నది. ఎనిమిదోరోజు ధర మామూలు కాగానే, మటన్ ముదురుగా ఉందని కాలనీకి ఒక్కసారిగా తెలిసింది. చివరికి అతడు స్టీలు బల్లలను, వంటపాత్రలను పాతసామాన్లవాడికి తూకానికి ఇచ్చి వెళ్లిపోయాడు. సమాజసేవకు ఇంత సొంతడబ్బు పెట్టినవారు ఎవరైనా ఉంటే చెప్పండి. అతడి పేరు ఏ శిలాఫలకం మీదా లేదు.

ఈ అనుభవాలన్నీ క్రోడీకరించి, మా సంక్షేమ సంఘం సమావేశంలో నేను ఒక ప్రతిపాదన పెట్టాను. కమ్యూనిటీ హాలును ఏదో ఒక బిర్యానీ హోటలుకు ఆరు నెలలు అద్దెకు ఇద్దాం. అతడు రూపాయి బిర్యానీ ప్రకటిస్తాడు, జనం వస్తారు, తాళం దానంతటదే ఊడుతుంది, యాంకరు వస్తుంది కనుక ముందున్న కాలువకు పలకలు కూడా పడతాయి. ఆరు నెలల్లో అతడు ఎలాగూ ఎత్తేస్తాడు. అప్పుడు మనకు మిగిలేది ప్రారంభమైపోయిన హాలు, ఇక దాన్ని మళ్లీ ప్రారంభించవలసిన పని ఎవరికీ ఉండదు.

సభ్యులందరూ చప్పట్లు కొట్టారు. కార్యదర్శి మాత్రం తల గోక్కుని, "ఐడియా మంచిగనే ఉంది సార్. కానీ అద్దెకియ్యాలంటే హాలు ముందు మనకు అప్పజెప్పాలె. అప్పజెప్పాలంటే ఓపెనింగ్ గావాలె గదా," అన్నాడు. ప్రతిపాదన ఆ షరతుకు లోబడి ఏకగ్రీవంగా ఆమోదం పొందింది. మేము మాట్లాడి ఉంచిన బిర్యానీ యజమాని సంగతంతా ఓపికగా విని, అంతకాలం ఆగలేనని చెప్పి, ఎదురు వరుసలో మండి ఖాళీ చేసిన తరువాత చాయ్ వచ్చి, చాయ్ కూడా వెళ్లిపోయిన షట్టరుకే అడ్వాన్సు ఇచ్చేశాడు. ముహూర్తం గురువారం ఉదయం తొమ్మిదిన్నరకు పెట్టుకున్నాడు.